పాఠశాల గుమ్మం, భోజన పంక్తి: తెలుగునాట క్రైస్తవ విద్యాలయాల్లో విశ్వాసం, ఆతిథ్యం (1843–1945)

వ్యాససంగ్రహం

19వ శతాబ్దిలో తెలుగునాట వెలసిన క్రైస్తవ పాఠశాలలు విద్యార్థులలో విశ్వాసాన్ని పెంపొందించడం తమ ప్రధాన లక్ష్యమని ప్రకటించుకున్నాయి. బైబిలు పాఠం, ప్రార్థన, కీర్తన అందుకు సాధనాలు. అయితే ఆ విశ్వాసం ఎటువంటిదో విద్యార్థి తెలుసుకున్నది పాఠ్యగ్రంథం వల్ల మాత్రమే కాదు. పాఠశాలలోకి ఎవరిని రానిచ్చారు, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టారు, ఎవరు వడ్డించగా ఎవరు తిన్నారు అన్న విషయాలు పాఠం కంటే బలంగా బోధించాయి. మచిలీపట్నం, ఒంగోలు, దోర్నకల్ కేంద్రాలలోని అనుభవాల ఆధారంగా క్రైస్తవ విద్యలో విశ్వాసానికీ ఆతిథ్యానికీ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖ్యపదాలు: మిషన్ పాఠశాలలు, ఆతిథ్యం, సహపంక్తి, కులం, వసతి గృహం, నోబుల్, క్లౌ, అజరయ్య.

1. ఉపోద్ఘాతం

తెలుగు ప్రాంతంలో ప్రొటెస్టెంటు మిషన్ల కృషి 1805లో విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీతో ఆరంభమైంది. 1840లో అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులోను, 1841లో చర్చి మిషనరీ సొసైటీవారు మచిలీపట్నంలోను, 1842లో అమెరికన్ లూథరన్లు గుంటూరులోను స్థిరపడ్డారు. వీరందరూ చేపట్టిన తొలి పనులలో పాఠశాల ఒకటి. మిషన్ విద్య గురించి వచ్చిన పరిశోధనలు ఎక్కువగా ఇంగ్లీషు చదువు వ్యాప్తి, ముద్రణ, స్త్రీవిద్య, మతాంతరీకరణ అన్న కోణాలలో సాగాయి. పాఠశాల అన్నది భిన్న కులాల పిల్లలు ఒకే కప్పు కింద చేరవలసిన చోటు అన్న సంగతి ఈ చర్చలలో ప్రస్తావనగా మిగిలిపోయింది. నిజానికి ఆనాటి మిషనరీలను అన్నిటికంటే ఎక్కువగా వేధించిన ప్రశ్న అదే.

ఈ ప్రశ్నకు లభించే ఆధారాలలో ఒక పరిమితి ఉంది. మనకు అందుతున్నవి ప్రధానంగా మిషనరీల నివేదికలు, ఉత్తరాలు, జీవితచరిత్రలు. నోబుల్ జీవితచరిత్రను ఆయన సోదరుడు రాశాడు. క్లౌ కథనాన్ని ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గ్రంథస్థం చేసి 1914లో ప్రచురించింది. అంటే ఆతిథ్యం ఇచ్చినవారి గొంతు వినిపించినంతగా పొందినవారి గొంతు వినిపించదు. అందుచేత మిషనరీలు చెప్పుకున్న ఆశయాల కంటే వారు తీసుకున్న నిర్ణయాలకు, ఆ నిర్ణయాల పర్యవసానాలకు ఇక్కడ ప్రాధాన్యం ఇవ్వడమైనది.

2. అతిథి, పంక్తి: నేపథ్యం

ఆతిథ్యం తెలుగు సమాజానికి మిషనరీలు తెచ్చిన విలువ కాదు. అతిథిని దైవంగా చూడమని తైత్తిరీయోపనిషత్తు ఉపదేశించింది. తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి అని సంప్రదాయ వ్యుత్పత్తి. సత్రాలు, చలివేంద్రాలు, అన్నదానాలు ఈ నేలలో పుణ్యకార్యాలుగా వర్ధిల్లాయి. మిషన్ పాఠశాలలు వేళ్లూనుతున్న కాలంలోనే గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ (1841–1909) వేళ కాని వేళలో వచ్చినవారికి కూడా అన్నం పెట్టి ప్రసిద్ధి చెందింది.

అయితే సాధారణ సామాజిక వ్యవస్థలో ఈ ఆతిథ్యానికి పంక్తి అనే హద్దు ఉండేది. అన్నం పెట్టడం వేరు, కలిసి తినడం వేరు. పరాయి కులంవాడికి విస్తరి వేయవచ్చును. ఆ విస్తరి ఎక్కడ వేయాలన్నది కులం నిర్ణయించేది. అంటరానివారుగా పరిగణించబడినవారికి ఆ హద్దు గుమ్మం బయటే మొదలయ్యేది.

క్రొత్త నిబంధన గ్రీకు మూలంలో ఆతిథ్యానికి వాడిన ‘ఫిలోక్సెనియా’ అన్న పదానికి పరాయివానిపై ప్రేమ అని అర్థం. క్రైస్తవ ఆరాధనకు కేంద్రమైన సంస్కారం సైతం భోజన రూపంలోనే ఉంది; ప్రభురాత్రి భోజనంలో ఒకే రొట్టెను, ఒకే పాత్రను అందరూ పంచుకోవాలి. కనుక తెలుగునాట క్రైస్తవ విశ్వాసాన్ని బోధించదలచిన పాఠశాల పంక్తి సమస్యను తప్పించుకొని పోవడం సాధ్యం కాదు. దాన్ని ఎప్పుడు ఎదుర్కోవాలి, ఎంత నష్టానికి సిద్ధపడి ఎదుర్కోవాలి అన్నదే మిగిలిన ప్రశ్న.

3. మచిలీపట్నం: షరతుతో తెరచిన తలుపు

కేంబ్రిడ్జిలో చదివిన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, తన సహచరుడు హెన్రీ వాట్సన్ ఫాక్స్‌తో కలిసి 1841లో మచిలీపట్నం చేరాడు. ఫాక్స్ ఊరూరా తిరిగి బోధించే పనిని, నోబుల్ విద్యాబోధనను ఎంచుకున్నారు. 1843లో ఇద్దరే విద్యార్థులతో ఆరంభమైన నోబుల్ పాఠశాల కాలక్రమంలో కోస్తా జిల్లాలలోని ప్రముఖ విద్యాసంస్థలలో ఒకటిగా ఎదిగింది. అగ్రవర్ణ కుటుంబాల పిల్లలకు ఉన్నత స్థాయి ఇంగ్లీషు, తెలుగు చదువులతోపాటు ప్రతిదినం బైబిలు బోధించడం దాని పద్ధతి.

ఈ పద్ధతికి నోబుల్ ఒక మూల్యం చెల్లించాడు. అంటరానివిగా ఎంచబడిన కులాల పిల్లలను ఆయన తన పాఠశాలలో చేర్చుకోలేదు. వారిని చేర్చుకుంటే అగ్రవర్ణ విద్యార్థులు రారనీ, వారు రాకపోతే సువార్త ఆ వర్గాలకు చేరే మార్గమే మూసుకుపోతుందనీ ఆయన వాదన. మనసు మారిన తరువాత కులం దానంతట అదే రాలిపోతుందన్నది ఈ వాదన వెనుక ఉన్న విశ్వాసం. తోటి క్రైస్తవుల నుంచి విమర్శ వచ్చినా ఆయన తన విధానాన్ని సమర్థించుకున్నాడు.

1852లో ఈ విధానానికి తొలి పరీక్ష ఎదురైంది. పాఠశాల విద్యార్థులైన మంచాల రత్నం, ఐనాల భూషణం క్రైస్తవాన్ని స్వీకరించదలచి నోబుల్ ఇంట ఆశ్రయం పొందారు. పట్టణంలో కలకలం రేగింది. బంధువులు వారిని వెనక్కి రప్పించడానికి ప్రయత్నించారు. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించగా పాఠశాల దాదాపు ఖాళీ అయింది. మతం మారినవారి వారసత్వ హక్కులకు రక్షణ కల్పించిన చట్టం అప్పటికి రెండేళ్ల కిందట, 1850లో వచ్చింది. అయితే చట్టం ఆస్తిని కాపాడగలదేమో గాని ఇంటిని తిరిగి ఇవ్వలేదు. పుట్టింట స్థానం కోల్పోయిన ఆ యువకులకు అప్పటికి మిగిలినది గురువు ఇల్లే. కాలక్రమంలో ఇద్దరూ గురుత్వం స్వీకరించి తెలుగు సంఘానికి సేవచేశారు.

ఈ ఘటనలో రెండు రకాల ఆతిథ్యం కనిపిస్తుంది. తరగతి గదిలో కులం హద్దును గౌరవించిన గురువే తన ఇంటి గుమ్మం దగ్గర ఆ హద్దును దాటాడు. అయితే ఈ రెండవ ఆతిథ్యం విశ్వాసాన్ని ప్రకటించి సర్వం పోగొట్టుకున్నవారికి లభించింది. గుమ్మం బయట ఉన్న మాల, మాదిగ పిల్లవాడికి విశ్వాసం ఉన్నా ఆ తరగతిలో చోటు లేదు. రత్నం, భూషణం వంటి కొద్దిమంది విషయంలో నోబుల్ ఆశ ఫలించిందనవచ్చును. తక్కిన విద్యార్థులకు మాత్రం ఆ పాఠశాల బైబిలు పాఠంతోపాటు మరొక పాఠాన్నీ నేర్పింది: దేవుని ఎదుట అందరూ సమానులే అయినా బల్ల మీద అందరూ కూర్చోనక్కరలేదు.

ఇది నోబుల్ ఒక్కడి లోపం కాదు. 1856లో బొంబాయి రాజధానిలోని ధార్వాడలో ఒక మహర్ బాలుడికి ప్రభుత్వ పాఠశాల ప్రవేశం నిరాకరించింది. ప్రభుత్వ పాఠశాలలు అన్ని కులాలకూ తెరచి ఉండాలని కంపెనీ డైరెక్టర్లు ఆ తరువాత సూత్రప్రాయంగా ప్రకటించినా ఆచరణ వెనుకబడింది. రాజ్యమే వెనుదీసిన చోట మిషన్ పాఠశాల వెనుదీయడంలో ఆశ్చర్యం లేదు. కాని మిషన్ తన పనిని విశ్వాసం పేర చేపట్టింది గనుక దాన్ని ఆ గీటురాయి మీదనే పరీక్షించవలసి ఉంటుంది.

4. ఒంగోలు: ఖాళీ అయిన బల్లలు

జాన్ ఎవరెట్ క్లౌ 1866లో నెల్లూరు నుంచి ఒంగోలుకు తరలివచ్చాడు. పట్టణంలోని బ్రాహ్మణ ప్రముఖులు ఆయనను ఆదరించారు. తమ పిల్లలకు చదువు చెప్పమని కోరారు. అగ్రవర్ణ బాలురకు పాఠశాల ఏర్పడింది. మచిలీపట్నం నమూనాయే ఇక్కడా స్థిరపడేటట్లు కనిపించింది.

అదే సమయంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వ్యక్తి ద్వారా ఒంగోలుకు దూరంగా ఉన్న పల్లెల్లో కదలిక మొదలైంది. పేరయ్య అంతకుముందే యోగమార్గంలో గురువుగా మన్నన పొందినవాడు. 1866లో బాప్తిస్మం పొంది తనవారికి కొత్త బోధను వినిపించాడు. 1867 ఆరంభంలో అతని పల్లె ప్రాంతంలో 28 మంది మాదిగలు బాప్తిస్మం పొందారు. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను పంపబోమని ఒంగోలు పెద్దలు క్లౌకు స్పష్టం చేశారు.

క్లౌ తన గదిలో ఒంటరిగా బైబిలు తెరచినప్పుడు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొలి అధ్యాయం కంటబడిందనీ, లోకం తృణీకరించినవారిని దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అదనీ, భార్య హారియట్ సైతం వేరొక గదిలో అదే భాగాన్ని చదివిందనీ ఆయన కథనం. ఈ కథనం తెలుగు బాప్టిస్టు సంఘాలలో పలుమార్లు చెప్పుకున్నదే. అందులోని దైవికతను నిర్ణయించడం చరిత్రకారుని పని కాదు. దాని పర్యవసానం మాత్రం స్పష్టం. క్లౌ మాదిగల పక్షం వహించాడు. అగ్రవర్ణ విద్యార్థులు వెళ్లిపోయారు. పాఠశాల చెదిరిపోయింది.

నోబుల్, క్లౌ ఇద్దరి పాఠశాలలూ ఖాళీ అయ్యాయి. కాని రెండు ఖాళీలకూ కారణం వేరు. మచిలీపట్నంలో ఇద్దరు విద్యార్థులు విశ్వాసాన్ని స్వీకరించడం వల్ల బల్లలు ఖాళీ అయ్యాయి. ఒంగోలులో రానివ్వకూడనివారిని రానివ్వడం వల్ల ఖాళీ అయ్యాయి. మొదటిచోట అలజడి సద్దుమణిగాక పాత విద్యార్థులు తిరిగి వచ్చారు, పాఠశాల పాత రూపంలోనే సాగింది. రెండవచోట పాఠశాల స్వరూపమే మారింది. పల్లె నుంచి వచ్చిన మాదిగ యువకులకు అక్షరాలు నేర్పి తిరిగి పల్లెలకే ఉపాధ్యాయులుగా, బోధకులుగా పంపే పద్ధతి ఏర్పడింది. 1872లో రామాయపట్నంలో వేదాంత పాఠశాల ప్రారంభమైంది. అక్కడ విద్యార్థులతోపాటు వారి భార్యలు కూడా చదువుకునేవారు. ఎన్నడూ గుడిలోకో బడిలోకో అడుగుపెట్టనివ్వని కుటుంబాలు ఒక విద్యాలయ ప్రాంగణంలో కాపురం ఉండి చదువుకోవడం ఆనాటికి చిన్న విషయం కాదు.

5. అన్నం, విశ్వాసం: ఒక సందేహం

తలుపు తెరచినంత మాత్రాన ఆతిథ్యం నిష్కల్మషం కాదు. పేదవాడికి అన్నం, బట్ట, చదువు ఇచ్చే ప్రాంగణంలోనే మతబోధ కూడా జరిగినప్పుడు, అతడు స్వీకరించిన విశ్వాసం స్వేచ్ఛగా కలిగినదా అన్న సందేహం తప్పదు. వసతి పాఠశాలల విషయంలో ఈ ఆక్షేపణ ఆది నుంచీ ఉంది. అన్నం కోసం మారారన్న నింద మొదటి తరం క్రైస్తవులను జీవితాంతం వెంటాడింది.

ఈ సందేహాన్ని మిషనరీలు ఎరుగనివారు కారు. 1876–78 నాటి కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని గుత్తకు తీసుకొని వేలాదిమందికి పని కల్పించాడు. ఆ పనిమీద బోధకులు మేస్త్రీలుగా ఉన్నారు. బాప్తిస్మం కోరినవారు ఎందరో ఉన్నా, సహాయం అందుతున్నంత కాలం, అంటే ఏడాదికి పైగా, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ఆగిన తరువాతనే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ నిర్ణయం విమర్శలన్నిటికీ సమాధానం కాదు. కాని అన్నానికీ విశ్వాసానికీ మధ్య ఎడం పాటించడం ఆతిథ్యధర్మంలో భాగమన్న గుర్తింపు అందులో ఉంది. పెట్టిన చేయి ప్రతిఫలం అడిగితే అది ఆతిథ్యం కాదు, బేరం. వసతి పాఠశాలలో ఈ ఎడం పాటించడం కాలువ పనిమీద కంటే కష్టం. అక్కడ చేరినవాడు పిల్లవాడు; ఉదయ ప్రార్థన, పాఠం, చేతిపని, భోజనం అన్నీ ఒకే గంట మోతకు సాగుతాయి. కొన్ని దశాబ్దాల తరువాత గాంధీ సేవను మతాంతరీకరణతో ముడిపెట్టరాదని మిషన్లను విమర్శించినప్పుడు ఆయన వేలుపెట్టి చూపింది ఈ సంక్లిష్టతనే. అదే సమయంలో ఈ విమర్శలో ఒక లోటు ఉంది. అడుగువర్గాలవారు తమ విశ్వాసాన్ని తామే ఎంచుకోగలరన్న సంగతిని అది తక్కువ చేసి చూసింది. పేరయ్య అన్నం కోసం వెతుకుతూ రాలేదు. గురువును వెతుకుతూ వచ్చాడు.

6. వసతి గృహంలో పంక్తి

మిషన్ వాడుకలో ‘బోర్డింగు’గా స్థిరపడిన వసతి గృహం పంక్తి సమస్యకు అసలైన రంగస్థలం. మచిలీపట్నంలో షార్కీ దంపతులు బాలికల కోసం నడిపినటువంటి వసతి పాఠశాలలు 19వ శతాబ్ది మధ్యకే ఉన్నాయి. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో ఆ పాఠశాల బాలికలు పలువురు ప్రాణాలు కోల్పోయారు.

బోర్డింగులో సమస్య అగ్రవర్ణాలకూ అంటరానివారికీ మధ్య మాత్రమే కాదు. మాల, మాదిగ వర్గాల మధ్య భోజన, వివాహ సంబంధాలు లేవు. పరస్పర వైషమ్యం బలంగా ఉండేది. ఒక మిషన్‌లో ఒక వర్గం, మరొక మిషన్‌లో మరొక వర్గం అధిక సంఖ్యలో చేరడానికి ఇది ఒక కారణం. ఒంగోలు బాప్టిస్టులలో మాదిగలు, కృష్ణా ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలలో మాలలు ప్రధాన భాగమయ్యారు. కనుక పైవారు తమను గుమ్మంలోకి రానివ్వలేదని బాధపడిన పిల్లవాడే తన పక్కన మరొకడు కూర్చోవడానికి ఒప్పుకోని పరిస్థితి బోర్డింగులో ఎదురయ్యేది. ఆతిథ్యం పొందినవాడు ఆతిథ్యం ఇవ్వడం నేర్చుకోవలసిన ఘట్టం ఇదే.

ఈ విషయంలో బోర్డింగు సాధించినది ప్రసంగంతో కాదు, దినచర్యతో. వంతులవారీగా నీళ్లు తోడడం, వడ్డించడం, ఒకే వరుసలో కూర్చొని తినడం, అంట్లు తోమడం వంటి పనులలో కులాన్ని బట్టి కాక వంతును బట్టి పని రావడమే పెద్ద మార్పు. అయితే సెలవులకు ఇంటికి వెళ్లిన విద్యార్థి మళ్లీ తన పల్లె కట్టుబాటులో కలిసిపోయేవాడు. సంఘంలో పెళ్లి సంబంధాలు కులాన్ని బట్టే సాగాయి. పంక్తిలో వచ్చిన మార్పు పందిరి దాకా పోలేదు.

మరొక అసమానత దీనికంటే సూక్ష్మమైనది. బోర్డింగులో ఎవరు అతిథో, ఎవరు ఆతిథేయో ఎప్పటికీ మారేది కాదు. దొరగారు, దొరసానిగారు పెట్టేవారు, విద్యార్థులు పుచ్చుకునేవారు. పిల్లలు పెద్దవారై ఉపాధ్యాయులు, బోధకులు అయిన తరువాత కూడా బంగళా వసారా దాకానే వారి ప్రవేశం.

7. దోర్నకల్: అతిథి ఆతిథేయి కావడం

ఈ చివరి అసమానతను ప్రపంచ వేదిక మీద ఎత్తిచూపినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945). తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన ఈ తమిళుడు, 1903లో ఏర్పడిన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పక్షాన నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకొని, తెలుగువారి మధ్య స్థిరపడ్డాడు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, మిషనరీలు ఎంత త్యాగం చేసినా భారతీయ సహచరులతో సమాన స్థాయి స్నేహం చేయలేకపోతున్నారని ఆయన నిర్మొహమాటంగా చెప్పాడు. సభలో కొందరికి ఆ మాట కటువుగా తోచింది. పెట్టడం మాత్రమే తెలిసిన ఆతిథ్యం ఎదుటివాడిని ఎప్పటికీ చిన్నవాడిగానే ఉంచుతుందన్న విమర్శ అందులో ఇమిడి ఉంది.

1912 డిసెంబరు 29న ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడయ్యాడు. దోర్నకల్‌లోని వేదాంత పాఠశాలకు ఉపదేశకులు సకుటుంబంగా వచ్చి చదువుకునేవారు. చదువుతోపాటు చేతిపనికీ నిరాడంబర జీవనానికీ ప్రాధాన్యం ఉండేది. పట్టణపు అలవాట్లతో పల్లెకు పరాయివాడయ్యే ఉపాధ్యాయుడు పల్లెకు ఉపయోగపడడని ఆయన అభిప్రాయం. పేద సంఘాలు సైతం ధాన్యమో, పిడికెడు బియ్యమో తామే ఇచ్చుకోవాలని ఆయన పట్టుబట్టాడు. బాప్తిస్మం పొందిన ప్రతివ్యక్తీ సువార్తను తానే ఇతరులకు అందించాలని బోధించాడు. ఈ రెండింటి సారం ఒకటే: పుచ్చుకున్నవాడు పెట్టేవాడు కావాలి.

1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ దేవాలయంలోనూ ఈ దృష్టి వ్యక్తమవుతుంది. దేవాలయ స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు, తామరపువ్వు వంటి దేశీయ అలంకారాలు అందులో కలిసివచ్చాయి. పరాయి నేల నుంచి వచ్చిన విశ్వాసం ఈ నేలకు అతిథిగా కాక ఇంటిదిగా నిలవాలన్న ఆకాంక్షకు అది రాతిరూపం.

8. సంఘం ఎల్లలకు అవతల

క్రైస్తవ విద్యాలయాల ప్రభావం క్రైస్తవ సంఘానికే పరిమితం కాలేదు. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడు (1862–1939) మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లర్ శిష్యుడు. ఆయన క్రైస్తవుడు కాలేదు, బ్రహ్మసమాజికుడయ్యాడు. కాకినాడలో పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా ఉంటూ దళిత విద్యార్థులకు వసతి గృహాన్ని, అనాథలకు ఆశ్రయాన్ని ఏర్పరచాడు. నోబుల్ తరగతి గది వాయిదా వేసిన పనిని క్రైస్తవ విద్య పొందిన ఒక బ్రాహ్మమతస్థుడు చేపట్టడం గమనార్హం. బోధించిన మతాన్ని స్వీకరించకుండానే అందులోని ఆతిథ్యాన్ని స్వీకరించిన విద్యార్థి ఆయన.

దీనికి ఎదురు ఉదాహరణ గుర్రం జాషువ (1895–1971). క్రైస్తవ కుటుంబంలో పుట్టి, గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పనిచేసిన ఈ మహాకవి, హిందూ పురాణ ప్రపంచాన్ని కవితావస్తువుగా స్వీకరించినందుకు క్రైస్తవ సమాజంలో నిరసనకు, వెలికి గురయ్యాడు. మరోవైపు సాహిత్యసభలలో కులం పేర అవమానాలు పొందాడు. 1941లో వెలువడిన ‘గబ్బిలం’లో ఆలయ ప్రవేశం లేని మనిషి తన మొరను ఒక గబ్బిలం ద్వారా పంపుకుంటాడు. గుడి గుమ్మం గురించిన ఆ కావ్యాన్ని రాసిన కవికి సంఘం గుమ్మం కూడా ఒక దశలో ఇరుకయిందన్న వాస్తవాన్ని మిషన్ విద్యా చరిత్రకారులు విస్మరించరాదు. కులం హద్దును చెరపడానికి పూనుకున్న సంఘం సంస్కృతి విషయంలో కొత్త హద్దు గీసుకుంది.

9. ముగింపు

పైన పరిశీలించిన ఉదాహరణల నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి. తెలుగునాట క్రైస్తవ పాఠశాలలు మూడు ప్రశ్నలను వరుసగా ఎదుర్కొన్నాయి: గుమ్మంలోకి ఎవరిని రానివ్వాలి, పంక్తిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, చివరికి పెట్టేవారెవరు, పుచ్చుకునేవారెవరు. మొదటి ప్రశ్నకు ఒంగోలు సమాధానం చెప్పింది. రెండవ ప్రశ్నకు బోర్డింగు పాక్షికంగా సమాధానం చెప్పింది. మూడవ ప్రశ్నను అజరయ్య స్పష్టంగా లేవనెత్తాడు.

మనసు మారితే హద్దులు వాటంతట అవే చెరిగిపోతాయన్న నోబుల్ అంచనా చరిత్రలో నిలవలేదు. హద్దు చెరిపిన చోట కూడా మనసులు పూర్తిగా మారలేదన్నది దానికి తోడైన చేదు నిజం. విశ్వాసం, ఆతిథ్యం ఒకదాని వెనుక ఒకటి వచ్చే దశలు కావు. విద్యార్థి రెండింటినీ ఒకే చోట, ఒకే సమయంలో చూసి నేర్చుకుంటాడు, లేదా రెంటి మధ్య ఉన్న వైరుధ్యాన్ని నేర్చుకుంటాడు.

వసతి గృహాల జమాఖర్చు పుస్తకాలు, ప్రవేశ పట్టికలు, పూర్వవిద్యార్థుల మౌఖిక కథనాలు ఈ దిశలో ఇంకా వెలికితీయవలసిన ఆధారాలు. ఎవరు చేరారో, ఏ వంటశాలలో తిన్నారో, మధ్యలో ఎవరు మానేశారో అవి చెప్పగలవు. వడ్డించినవారి నివేదికలతో సాగిన చరిత్రకు పంక్తిలో కూర్చున్నవారి మాట తోడైనప్పుడే ఈ విద్యాలయాలు ఏమి నేర్పాయన్న ప్రశ్నకు సమగ్రమైన సమాధానం లభిస్తుంది.